మానడం ఒక ఎత్తు, మళ్లీ ముట్టకపోవడం ఒక ఎత్తు

కార్తీకం వచ్చిందంటే నెల్లూరు జిల్లాలో ఏ ఊళ్లో చూసినా నల్ల బట్టల్లో అయ్యప్ప స్వాములు కనిపిస్తారు. బుచ్చిరెడ్డిపాలెం, దాని చుట్టుపక్కల పల్లెలు కూడా అంతే. మాల వేసుకున్నవాళ్లలో ఏడాది పొడుగునా తాగేవాళ్లూ ఉంటారు. ఆ 41 రోజులు వాళ్లు చుక్క ముట్టరు. శబరిమల వెళ్లొచ్చి మాల తీశాక, వారం తిరక్కుండానే కొందరు మళ్లీ బ్రాందీ షాపు దారి పడతారు. ఇది చూసి ఊరు రెండు రకాల తీర్పులు చెబుతుంది. ‘మానాలనుకుంటే మానగలడు, కావాలనే తాగుతున్నాడు’ అన్నది ఒకటి. ‘దేవుడి మాలే మార్చలేకపోయింది, ఇక వీణ్ని ఎవరు మారుస్తారు’ అన్నది రెండోది. రెండూ సరైనవి కావు. ఆ 41 రోజులు రుజువు చేసేదేమంటే, తాగుడుకు అలవాటుపడ్డ మనిషికి కూడా ఆపే శక్తి ఉంటుంది. ఆపినదాన్ని నిలబెట్టుకునే నేర్పే అతని దగ్గర ఉండదు. ఆ నేర్పు పుట్టుకతో వచ్చేది కాదు గనుక, నేర్పితే వస్తుంది. వ్యసనానికి చేసే మానసిక చికిత్స పని అదే. తాగుడు విషయంలో నెల్లూరు జిల్లా ఒకప్పుడు రాష్ట్రాన్నే కదిలించింది. ఆనాడు మొదలైన పనిలో సగమే పూర్తయింది. మిగిలిన సగం ఈ చికిత్స.

ఆపడానికీ నిలవడానికీ మధ్య ఎంత దూరం ఉందో మొదట స్పష్టంగా చూపించింది వియత్నాం యుద్ధం. అక్కడ పనిచేసిన అమెరికా సైనికుల్లో చాలామంది హెరాయిన్‌కు అలవాటుపడ్డారని 1971లో గగ్గోలు పుట్టింది. వాళ్లు స్వదేశానికి వచ్చాక ఏమయ్యారో చూసే బాధ్యతను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలికి అప్పగించారు. సైనికుల్లో దాదాపు ఐదుగురిలో ఒకరు అక్కడ ఉన్నప్పుడు తాము హెరాయిన్ వంటి మత్తుకు బానిసలమయ్యామని చెప్పారు. ఇంటికి చేరిన మొదటి ఏడాదిలో వారిలో మళ్లీ బానిసలైనవారు 5 శాతమే. మూడేళ్లు గడిచాక చూసినా, కొద్దికాలానికైనా మళ్లీ ఆ స్థితికి చేరినవారు 12 శాతం. అదే రోజుల్లో అమెరికాలోనే హెరాయిన్‌కు అలవాటుపడి, ఆసుపత్రిలో చికిత్స పొంది, తమ పాత వీధికే తిరిగివెళ్లినవారిలో ఎక్కువమంది కొద్ది నెలల్లోనే మళ్లీ మొదలుపెట్టేవారు. మత్తు ఒకటే, మనుషులూ అలాంటివాళ్లే. సైనికులకు మాత్రం ఆ మత్తుతో ముడిపడ్డ చోటు, స్నేహితులు, భయం, విసుగు అన్నీ సముద్రం అవతల ఉండిపోయాయి. రెండోవారికి అవన్నీ గుమ్మం ముందే ఎదురుచూస్తున్నాయి.

చుట్టూ ఉన్న పరిసరాలకు ఇంత బలం ఎక్కడినుంచి వచ్చింది? మత్తు ఎక్కిన ప్రతిసారీ మెదడులో డోపమైన్ అనే రసాయనం మామూలుకన్నా ఎక్కువగా విడుదలవుతుంది. దాన్ని సుఖాన్నిచ్చే రసాయనంగా చాలామంది చెప్పుకుంటారు గానీ, దాని అసలు పని నేర్పడం. ఏది జరిగాక ఫలితం దక్కిందో గుర్తుపెట్టించడం. కోతులకు దీపం వెలిగించి, తర్వాత పళ్లరసం ఇస్తూ వుల్‌ఫ్రామ్ షుల్ట్స్ చేసిన ప్రయోగాల్లో ఒక విషయం బయటపడింది. మొదట్లో రసం నోట్లో పడినప్పుడు స్పందించిన డోపమైన్ కణాలు, కొంతకాలానికి దీపం వెలగగానే స్పందించసాగాయి. తాగేవాడి విషయంలోనూ జరిగేది ఇదే. ఎడగారు కోతలప్పుడు కూలి డబ్బు చేతికొచ్చే సాయంత్రం, మిల్లు దగ్గర బస్తాలు దించాక పట్టే ఒళ్లునొప్పులు, ‘పదరా’ అనే స్నేహితుడి పిలుపు, ఇంట్లో గొడవ, చివరికి ప్లాస్టిక్ గ్లాసు చప్పుడు: ఇవన్నీ మెదడుకు ఆ దీపం లాంటివే. సీసా కనిపించకముందే ఒళ్లు దానికోసం సిద్ధమైపోతుంది. దీన్నే తహతహ అంటాం. అది కావాలని తెచ్చుకునేది కాదు గనుక, ‘నీకు సిగ్గులేదా’ అని అడిగితే పోదు. కానీ అది ఎప్పుడూ ఒకే స్థాయిలో ఉండదు. పెరుగుతుంది, పతాకస్థాయికి చేరుతుంది, తాగకుండా ఓర్చుకుంటే కాసేపటికి దిగిపోతుంది. చికిత్సకు పట్టు దొరికేది ఇక్కడే.

ఇప్పుడు అయ్యప్ప దీక్షను చూస్తే అందులో ఎంత మనస్తత్వశాస్త్రం ఇమిడి ఉందో అర్థమవుతుంది. తెల్లవారుజామున చన్నీటి స్నానం నుంచి రాత్రి నేలపడక దాకా రోజంతా ఒక పద్ధతిలో గడుస్తుంది. పాత స్నేహితుల స్థానంలో తోటి స్వాములు వస్తారు. సాయంత్రం ఖాళీ లేకుండా భజన ఉంటుంది. ఊరంతా ‘స్వామీ’ అని పిలుస్తుంటే మనిషికి తనమీద తనకు గౌరవం కలుగుతుంది. మెడలో మాల ఉన్నవాడికి తాగమని ఎవరూ గ్లాసు అందించరు. మెదడు నేర్చుకున్న సంకేతాలన్నీ ఒక్కసారిగా మారిపోతాయి, అందుకే ఆపగలుగుతాడు. మానసిక బాధలున్నవాళ్లు జొన్నవాడ కామాక్షమ్మ గుడిలో నిద్రలు చేసే ఆచారంలోనూ ఇలాంటి ఓదార్పు కొంత ఉంది. ఈ నమ్మకాలను కించపరచాల్సిన అవసరం శాస్త్రానికి లేదు. దీక్షలో లేనిది ఒక్కటే, 42వ రోజుకు ఏర్పాటు. మాల తీసిన సాయంత్రం అదే కూలి డబ్బు, అదే పిలుపు, అదే ఒళ్లునొప్పి ఎదురైతే ఏం చేయాలో ఎవరూ చెప్పి పంపరు.

మందు దొరక్కుండా చేస్తే ఈ బాధే ఉండదు కదా అన్నది సహజంగా వచ్చే మొదటి అభ్యంతరం. దానికి నెల్లూరు చరిత్రే జవాబు చెప్పాలి. అక్షరాస్యత ఉద్యమంలో చదువు నేర్చుకున్న కలిగిరి మండలం దూబగుంట మహిళలు, రోశమ్మ వంటివాళ్లు ముందు నిలిచి, 1990ల మొదట్లో తమ ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. చదువుకున్న వాచకంలోని సీతమ్మ కథ పాఠం వాళ్లకు స్ఫూర్తి. 1992లో జిల్లా అంతా సారా వేలం పాటలను అడ్డుకుంది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధమైంది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. 1997లో ప్రభుత్వం దాన్ని సడలించింది. ఆ మహిళలు సాధించింది చిన్న విషయం కాదు. మందు చేతికందనంత దూరంలో ఉంటే తాగేవాళ్ల సంఖ్య తగ్గుతుంది, కొత్తగా అలవాటయ్యేవాళ్లూ తగ్గుతారు. ఇవాళ్టి బెల్టు షాపుల మీద పోరాటానికీ ఈ న్యాయమే వర్తిస్తుంది. అయితే అప్పటికే పూర్తిగా బానిసైన మనిషికి షాపు మూసేస్తే తహతహ మూతపడదు. 2020 జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో కరోనా కట్టడి వల్ల మద్యం షాపులు మూతపడినప్పుడు, శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. సరఫరాను ఆపే చట్టానికి తోడుగా, లోపలి దాహాన్ని తగ్గించే చికిత్స లేకపోతే ఏం జరుగుతుందో అంతకన్నా బాధాకరంగా చెప్పే ఉదాహరణ ఉండదు.

చికిత్స అనగానే ముందు శరీరం సంగతి చూడాలి. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి చెదిరి, లేనివి కనిపించి, ప్రాణం మీదికి వస్తుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైన వారంలోనే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇలాంటివాళ్లు ఒక్కసారిగా వెల్లువెత్తారు. ఇంట్లో గదిలో పెట్టి తాళం వేయడం, ఒట్టు వేయించి ఆ రోజే మాన్పించడం ఇలాంటివాళ్ల విషయంలో ప్రమాదం. మాల వేసుకునే ముందు కూడా వీళ్లు డాక్టర్‌ను కలవాలి. ఆసుపత్రిలో తగిన మందులు, బి1 విటమిన్ ఇచ్చి వారం పది రోజుల్లో ఈ గండం దాటిస్తారు. వణుకు తగ్గి, ముఖం తేటపడి ఇంటికొచ్చిన మనిషిని చూసి ఇంట్లోవాళ్లు రోగం నయమైందని సంతోషిస్తారు. నిజానికి అప్పటికి ఒంట్లోంచి మత్తు దిగింది, అంతే. మెదడు ఏళ్ల తరబడి నేర్చుకున్న పాఠం చెక్కుచెదరకుండా ఉంటుంది. అసలు చికిత్స అక్కడ మొదలవ్వాలి.

మానసిక చికిత్సలో మొదటి మెట్టు మాట్లాడే తీరు. ‘తాగడం మానకపోతే నీ పిల్లలు రోడ్డున పడతారు’ అంటే వచ్చే జవాబు అందరికీ తెలుసు: ‘నా కష్టంతో నేను తాగుతున్నా’. మనిషిని నిలదీసినకొద్దీ తన తాగుడును తానే సమర్థించుకుంటాడు, ఆ సమర్థన విని తానే నమ్ముతాడు. అమెరికా మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో దీనికి భిన్నమైన పద్ధతిని ప్రతిపాదించారు. తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి దాన్ని విస్తరించారు. ఇందులో కౌన్సెలర్ ‘తాగితే మీకు బాగుండేదేంది అన్నా, బాగలేనిదేంది?’ అని అడిగి, వచ్చిన జవాబును ఓపిగ్గా వింటారు. తాగే ప్రతివాడి మనసులోనూ మానాలన్న కోరిక, మానలేనన్న భయం రెండూ ఉంటాయి. ‘పాప ఫీజు కట్టేటప్పుడు మాత్రం మానేద్దామనిపిస్తుంది’ అన్న మాట అతని నోటినుంచే వచ్చినప్పుడు దాన్ని పట్టుకుని ముందుకు నడిపిస్తారు. ఇది మెత్తదనం కోసం చేసే మెత్తదనం అనుకోకూడదు. కౌన్సెలర్ ఎంత ఎక్కువగా ఎదిరించి మాట్లాడితే, ఏడాది తర్వాత ఆ మనిషి అంత ఎక్కువగా తాగుతున్నాడని మిల్లర్ బృందం 1993లో ప్రచురించిన పరిశీలనలో తేలింది.

రెండో మెట్టు నిలబడే విద్య. ఆలన్ మార్లాట్, జుడిత్ గోర్డన్ 1985లో దీన్ని పుస్తకంగా తెచ్చారు. మళ్లీ తాగుడు మొదలైన సందర్భాలను మార్లాట్ విడదీసి చూస్తే, దాదాపు ముప్పావు వంతు మూడు రకాల్లోనే పడ్డాయి: దిగులు, కోపం, విసుగు వంటి భావాలు ముంచెత్తినప్పుడు; ఇంట్లోనో పనిలోనో గొడవ జరిగినప్పుడు; తోటివాళ్లు బలవంతపెట్టినప్పుడు. అంటే ప్రమాదం ఏ వేళ వస్తుందో చాలావరకు ముందే చెప్పవచ్చు. అందుకే చికిత్సలో మనిషి తన తాగుడు చిట్టా తానే రాస్తాడు, ఏ రోజు, ఎక్కడ, ఎవరితో, ఏ మనఃస్థితిలో అని. కూలి డబ్బు నేరుగా భార్య చేతికో బ్యాంకు ఖాతాకో చేరేలా చూడటం, షాపు తగలని దారిలో ఇంటికెళ్లడం, పెళ్లి విందులో గ్లాసు అందించినవాడికి ఏం చెప్పాలో ముందే పలికి చూసుకోవడం, తహతహ పుట్టినప్పుడు అరగంట గడిపేందుకు ఒక పని, ఫోన్ చేయడానికి ఒక మనిషిని పెట్టుకోవడం సాధన చేస్తాడు. మార్లాట్ గుర్తించిన మరో కీలకం ఉంది. ఆరు నెలలు మానినవాడు ఒక రోజు ఒక గ్లాసు తాగితే, ఆ గ్లాసుకన్నా ‘అయిపోయింది, నా వల్ల కాదు’ అన్న ఆలోచన ఎక్కువ హాని చేస్తుంది. జారడం వేరు, పడిపోవడం వేరు. జారిన రాత్రే కౌన్సెలర్‌కు చెప్పుకోగలిగినవాడు మర్నాడు లేచి నిలబడతాడు.

ఇదంతా మాటలేనా, ఫలితం ఉందా? అమెరికాలో 1,726 మందితో జరిగి 1997లో ఫలితాలు వెలువడిన ప్రాజెక్ట్ మ్యాచ్ అనే అధ్యయనం మూడు మానసిక చికిత్సలను పోల్చింది. మూడు గుంపుల్లోనూ తాగుడు బాగా తగ్గింది, ఒకదానికీ మరొకదానికీ పెద్ద తేడా లేదు. 1935లో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాల బాటలో సాగే చికిత్స, పూర్తిగా మానేయడం విషయంలో మిగతా పద్ధతులకు సమానంగానో కాస్త మెరుగ్గానో ఉందని 2020లో కోక్రేన్ సమీక్ష తేల్చింది. మనకు వీటన్నిటికన్నా దగ్గరి ఆధారం గోవాలో ఉంది. అభిజిత్ నడ్కర్ణి, విక్రమ్ పటేల్ బృందం అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన, హాని కలిగే స్థాయిలో తాగే 377 మంది మగవాళ్లను రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకు మామూలు వైద్యం. రెండో గుంపుకు దానితోపాటు గరిష్ఠంగా నాలుగు విడతల కౌన్సెలింగ్. మూడు నెలల తర్వాత చూస్తే, గత రెండు వారాలుగా అసలు తాగనివారు మొదటి గుంపులో 18 శాతం, రెండో గుంపులో 42 శాతం. ఏడాది తర్వాత ప్రమాదస్థాయి నుంచి బయటపడినవారు 32 శాతం, 54 శాతం. ఇంకా తాగుతున్నవాళ్ల మోతాదులో మాత్రం మూడు నెలలప్పుడు తేడా కనిపించలేదు. తీవ్రంగా బానిసైనవాళ్లను ఈ అధ్యయనంలో చేర్చలేదన్నదీ గుర్తుంచుకోవాలి. అయినా, ఇంత కొద్ది ఖర్చుతో ఇంత ఫలితం ఇచ్చే చికిత్సలు వైద్యంలో ఎక్కువ లేవు.

చికిత్స పొందినవాళ్లూ మళ్లీ తాగుతున్నారు కదా అని అడగవచ్చు. నిజమే, వ్యసన చికిత్స తర్వాత ఏడాదిలో 40 నుంచి 60 శాతం మంది మళ్లీ జారుతున్నారు. థామస్ మెక్‌లెలన్ బృందం 2000లో ఈ లెక్కను రక్తపోటు, ఉబ్బసం రోగులతో పోల్చింది. ఏడాదిలో మళ్లీ జబ్బు ముదిరినవారు ఆ రోగాల్లో 50 నుంచి 70 శాతం. బీపీ మళ్లీ పెరిగినవాణ్ని చూసి వైద్యం దండగని ఎవరూ అనరు, మందు మార్చి మళ్లీ రమ్మంటారు. తాగుడు విషయంలోనే ఒక్కసారి జారినా తలుపులు మూసేస్తున్నాం. వ్యసనం దీర్ఘకాలిక వ్యాధి గనుక దానికి ఏడాది, రెండేళ్ల పర్యవేక్షణ కావాలి. వారం పది రోజుల అడ్మిషన్‌తో ముగిసిపోయే చికిత్సను కొలిచి, మానసిక చికిత్స పనిచేయదని చెప్పడం న్యాయం కాదు.

మాత్రలు ఉండగా ఈ మాటలెందుకన్నది మరో ప్రశ్న. నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్ వంటి మందులు తహతహ తగ్గించడంలో కొంత సాయపడతాయి, డాక్టర్ రాస్తే తప్పక వాడాలి. అవి కౌన్సెలింగ్‌కు తోడు, బదులు కావు. భయపడాల్సింది తాగేవాడికి తెలియకుండా అన్నంలో కలిపి పెట్టే పొడుల గురించి. డైసల్ఫిరామ్ అనే మందు ఒంట్లో ఉండగా మద్యం తాగితే వాంతులు, గుండెదడ వస్తాయి, రక్తపోటు పడిపోయి ప్రాణం పోయే ప్రమాదమూ ఉంది. ఆ సంగతి తెలిసి, ఒప్పుకుని, డాక్టర్ పర్యవేక్షణలో వాడేవాళ్లకే అది చికిత్స. తెలియకుండా పెడితే విషప్రయోగంతో సమానం. పైగా మోసం బయటపడ్డ రోజున ఇంట్లోవాళ్ల మీద నమ్మకం పోతుంది. ఆ నమ్మకమే మానడానికి అన్నిటికన్నా పెద్ద ఆధారం.

మరి తాగేవాడు ఆసుపత్రికి రానే రానంటే భార్య ఏం చేయాలి? దీనికీ పరిశోధన ఉంది. మిల్లర్, రాబర్ట్ మేయర్స్ బృందం 1999లో 130 కుటుంబాలతో మూడు పద్ధతులను పరీక్షించింది. ఇంట్లోవాళ్లు తమ బాగు తాము చూసుకోవడం నేర్పే పద్ధతిలో తాగేవాళ్లలో 13 శాతం మందే చికిత్సకు వచ్చారు. అందరూ కూర్చోబెట్టి నిలదీసే పద్ధతిలో 30 శాతం. చాలా కుటుంబాలు అసలు ఆ నిలదీసే దాకానే వెళ్లలేకపోయాయి. తాగని పూట ఆప్యాయంగా ఉండటం, తాగిన పూట వాదన పెట్టుకోకుండా తప్పుకోవడం, అప్పులు తీర్చి కప్పిపుచ్చడం మానేయడం, అతను పశ్చాత్తాపపడే సమయం చూసి చికిత్స మాట ఎత్తడం నేర్పిన మూడో పద్ధతిలో 64 శాతం మంది వచ్చారు. మన ఇళ్లలో పెద్దమనుషులను పిలిచి పంచాయితీ పెట్టడం కంటే ఇది ఎంతో మేలైన దారి. దీని అర్థం భారమంతా ఆడవాళ్లమీద వేయమని కాదు. కొట్టే ఇంట్లో ముందు చూడాల్సింది ఆమె భద్రత, తర్వాతే అతని చికిత్స. ఈ మెలకువలు నేర్పే మనిషి ఆమెకు ఊళ్లోనే దొరకాలి.

అలాంటి మనుషులు ఎక్కడున్నారన్నదే అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ నిపుణులు చేసి 2019లో విడుదల చేసిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో మద్యానికి బానిసలైనవారు దాదాపు 2.9 కోట్లు. వారిలో ఏదో ఒక చికిత్స అందినది 38 మందిలో ఒకరికే. మద్యం సమస్యలు పదిశాతం జనాభాను మించి బాధిస్తున్న రాష్ట్రాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ ఉంది. ఇంతమందికి సైకియాట్రిస్టులను తేలేం. తేవాల్సిన అవసరమూ లేదని గోవా చెప్పింది, ఎందుకంటే అక్కడ కౌన్సెలింగ్ చేసింది మనస్తత్వశాస్త్రంలో డిగ్రీ లేని స్థానికులే. వాళ్లకు శిక్షణ ఉంది, పర్యవేక్షణ ఉంది. మనకు పొరుగున చెన్నైలో శాంతి రంగనాథన్ 1980లో నెలకొల్పిన టీటీకే సంస్థ, మంజక్కుడి వంటి పల్లెల్లో ఊరివాళ్ల సాయంతోనే చికిత్స శిబిరాలు నడిపి చూపించింది. ఇలాంటి ఏర్పాటు లేని చోట ఆ ఖాళీని తాళాలు వేసి కొట్టే కేంద్రాలు నింపుతాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుపదార్థాల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా మానసిక వ్యాధుల కిందికే చేర్చింది. కాబట్టి గౌరవంగా చికిత్స పొందడం తాగేవాడికి కూడా హక్కు.

బుచ్చిరెడ్డిపాలెం లాంటి ఊరికి కావాల్సింది పెద్ద భవనం కాదు. ప్రభుత్వాసుపత్రికి ఏ జబ్బుతో వచ్చినా, ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పది ప్రశ్నలతో తాగుడు ఏ స్థాయిలో ఉందో అడిగే అలవాటు కావాలి. తీవ్రంగా ఉన్నవారిని నెల్లూరు పెద్దాసుపత్రికి పంపాలి. మిగిలినవారికి అక్కడే నాలుగు విడతల కౌన్సెలింగ్, తర్వాత ఏడాది పాటు నెలకోసారి పలకరింపు ఉండాలి. ఆ శిక్షణ ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు, తాగుడు మాని నిలబడ్డ మగవాళ్లకు ఇవ్వవచ్చు. మద్యం మీద వచ్చే ఆదాయంలో చిన్న భాగం దీనికి చాలు. సారా వేలాన్ని ఆపిన జిల్లా మహిళా సంఘాలు ఈ డిమాండ్‌ను గ్రామసభల్లో పెడితే కాదనేవాళ్లు ఉండరు. అంతవరకు ఆగాల్సిన పని లేదు. మీ ఇంట్లో గానీ, మీకు తెలిసిన చోట గానీ ఈ బాధ ఉంటే టెలీమానస్ 14416కు, వ్యసన విముక్తి సహాయ కేంద్రం 14446కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మానడానికి ఒట్టు వేయించుకోవడం ఒక పూట పని. నిలబడటానికి తోడుండటం ఏడాది పని. ఆ ఏడాదిపాటు తోడుండండి.